విడిపోతున్న ఎనిమోన్‌ను కదపవద్దు

సంపాదక మహాశయులకు,

ఇళ్ళలో ఉప్పునీటి అక్వేరియంల పెంపకంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. సీ ఎనిమోన్ అనే సముద్ర జీవి ఒకటి రెండుగా విడిపోయిందంటే అది సుఖంగా ఉన్నట్టేనని అందులో ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ మాట సగమే నిజం. దానిని నమ్మిన కొత్తవారు ఆపదను శుభవార్తగా భావించే వీలుంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

మన ఇళ్ళలో తరచుగా విడిపోయేది బబుల్ టిప్ ఎనిమోన్. ఎర్రసముద్రం మొదలుకొని జపాన్, సమోవా దాకా పగడపు దిబ్బల మీద బతికే ఈ జీవి చూడడానికి పువ్వులా ఉన్నా జంతువే. దాని కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలు (నాచు జాతి జీవులు) వెలుతురుతో తయారుచేసుకున్న ఆహారంలో దానికీ వాటా ఇస్తాయి. మేత, వెలుతురు సమృద్ధిగా దొరికి బాగా ఎదిగినప్పుడు అది విడిపోతుంది. నీటి వేడి, ఉప్పదనం హఠాత్తుగా మారినా, తొట్టెలో నీటిని ఒకేసారి ఎక్కువగా మార్చినా కూడా విడిపోతుంది. రంగు నిండుగా ఉండి, నోరు బిగువుగా మూసుకొని, పాదం రాతిని గట్టిగా పట్టుకొని ఉంటే కంగారు పడనక్కరలేదు. రంగు వెలిసి తెల్లబడి, నోరు తెరుచుకొని వేలాడుతూ ఉంటే మాత్రం అది శైవలాలను పోగొట్టుకొని నీరసించిందని గ్రహించి, వెంటనే నీటిని పరీక్షించాలి.

మన ప్రాంతంలో ఈ ఒత్తిడి ఎక్కువగా వేసవిలో వస్తుంది. నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండవలసి ఉండగా, మే నెలలో మూసిన గదిలోని తొట్టె సులువుగా 30 దాటుతుంది. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనలేనివారు నీటి మీదికి ఫ్యాను తిప్పుతారు. అది మంచి ఉపాయమే. అయితే ఫ్యాను గాలికి నీరు ఆవిరైపోతుంది కానీ ఉప్పు తొట్టెలోనే మిగిలిపోతుంది. తగ్గిన మట్టాన్ని మళ్ళీ ఉప్పునీటితో నింపితే ఉప్పదనం రోజురోజుకూ పెరుగుతూ పోయి, చివరకు ఎనిమోన్ తట్టుకోలేని స్థితి వస్తుంది. అందువల్ల ఆవిరైన మేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీటినే పోయాలి, ఉప్పదనాన్ని తెలిపే సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర నిలకడగా ఉందో లేదో కొలిచి చూసుకోవాలి. కరెంటు పోతే నీటి కదలిక ఆగి ప్రాణవాయువు తగ్గుతుంది కనుక, బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో తప్పకుండా ఉండాలి.

విడిపోయే సమయంలో ఎనిమోన్ పాదం రెండు వైపులకు లాగుకుంటూ సాగి, శరీరం నోటి మీదుగా చీలుతుంది. ఆ చీలిక చూసి భయపడి రాతి మీది నుంచి దానిని ఊడదీసేవారున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. పాదం చిరిగితే అది కోలుకోవడం చాలా కష్టం. కొద్ది రోజుల్లో ప్రతి సగమూ తన గాయపు అంచులను దగ్గరకు తెచ్చుకొని, నోటిని సరిచేసుకొని పూర్తి జీవిగా మారుతుంది. అంతవరకు మేత వేయకూడదు, ఎందుకంటే మానని నోటితో అది అరిగించుకోలేదు. నోరు కుదురుకున్న తరువాత చిన్న రొయ్య ముక్కతో మొదలుపెట్టవచ్చు. విడిపోయిన సగాలు కొత్త చోటు వెతుక్కుంటూ తొట్టెలో తిరుగుతాయి కనుక పంపుల మూతులకు ముందుగానే స్పాంజి గాని, జాలీ గాని బిగించాలి. లేకపోతే పంపు రెక్కల్లో పడి నలిగిపోతాయి. ఎనిమోన్‌ను ఆశ్రయించి బతికే క్లౌన్ చేప ఆ సగాన్ని పదేపదే రుద్ది ఇబ్బంది పెడుతుంటే, రెండింటి మధ్య రంధ్రాలున్న ప్లాస్టిక్ బుట్టను అడ్డుపెట్టవచ్చు. చేపల జబ్బులకు వాడే రాగి కలిసిన మందులను ఎనిమోన్ ఉన్న తొట్టెలో ఎన్నడూ వేయకూడదు. దుర్వాసనతో కరిగిపోతున్న సగాన్ని మాత్రం ఆలస్యం చేయకుండా తీసివేయాలి, ఎందుకంటే దాని నుంచి వెలువడే అమ్మోనియా మిగిలిన ప్రాణులన్నిటికీ ముప్పు తెస్తుంది.

ఇంత శ్రద్ధ ఎందుకంటే ఇవి స్వల్పకాలం బతికే ప్రాణులు కావు. 1828లో స్కాట్లాండ్ తీరంలో సేకరించిన వేరొక జాతి ఎనిమోన్ గాజు పాత్రలోనే 1887 వరకు బతికింది. మరోవైపు, అక్వేరియం వ్యాపారం కోసం దిబ్బల నుంచి ఎనిమోన్లను పెకలించిన చోట వాటి సంఖ్యా, వాటిని ఆశ్రయించిన క్లౌన్ చేపల సంఖ్యా తగ్గినట్టు ఫిలిప్పీన్స్‌లోని సెబు తీరంలో గమనించారు. ఇంట్లో విడిపోయిన ప్రతి సగమూ సముద్రం నుంచి తేవలసిన ఒకదానికి బదులు కాగలదు. అందుచేత కొనేవారు తొట్టెలో విడిపోయి పుట్టినదేనా అని దుకాణదారును అడగాలని, తమ దగ్గర ఎనిమోన్లు ఎక్కువైనవారు తోటి పెంపకందారులకు ఇవ్వాలని, నీరు నిలకడపడి కనీసం 6 నెలలైనా కాని కొత్త తొట్టెలో ఎనిమోన్‌ను వేయవద్దని మీ అనుబంధంలో మరోసారి వివరంగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విశాఖపట్నం