250 హెర్ట్జ్ ఫిల్టర్లు ఇక ఆర్డర్ మీదే

నవంబరు చివర్లో సీక్యూ వరల్డ్ వైడ్ సీడబ్ల్యూ కాంటెస్ట్, అంటే హ్యామ్ రేడియోవాళ్లు మోర్స్ కోడ్‌లో ప్రపంచమంతా స్టేషన్లు పట్టే పోటీ. మనకు శనివారం పొద్దున 5:30కు మొదలై 48 గంటలు. దాని ముందు హనుమకొండలో మన షాపుకొచ్చే ప్రతి ఫోనూ ఒకటే అడుగుతుంది: "అన్నా, ఇంకా సన్న ఫిల్టర్ లేదా?"

ఫిల్టర్ అంటే కావాల్సిన సిగ్నల్ చుట్టూ కొంత వెడల్పే వదిలి మిగతాది కోసేసే రేడియో ముక్క; హెర్ట్జ్ అంకె ఆ వెడల్పు. ఇకనుంచి 250 హెర్ట్జ్ ఫిల్టర్లు స్టాక్ పెట్టను. అడ్వాన్స్ ఇస్తే తెప్పిస్తా. 400, 500 ఎప్పుడూ ఉంటాయి. 250 మీద నాకు మిగిలేది ఎక్కువే. అయినా మొదటి ఫిల్టర్‌గా దాన్ని అంటగట్టడం ఇష్టం లేదు.

మీరు ఒకే ఫ్రీక్వెన్సీ మీద కూర్చుని సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) కొడుతున్నారనుకోండి. పిలిచేవాళ్లంతా సరిగ్గా మీ మీదే పడరు. మీకు మోర్స్ వినిపించే టోన్ 600 హెర్ట్జ్, పిలిచే ఒక స్టేషన్ 180 పక్కకు ఉంది. 500 ఫిల్టర్ మధ్య నుంచి అటూ ఇటూ 250 వదులుతుంది కాబట్టి అతను 780 టోన్‌లో కీచుగానైనా వినిపిస్తాడు, ఆర్‌ఐటీ (మీ ప్రసారం కదలకుండా వినే ఫ్రీక్వెన్సీని మాత్రమే జరిపే నాబ్) తిప్పి పట్టుకోవచ్చు. 250 ఫిల్టర్‌లో 125 దాటగానే కోత. అతను పిలుస్తూనే ఉంటాడు, మీరేమో బ్యాండ్ పడుకుందనుకుంటారు. ఒకేసారి చాలామంది పిలిచే పైలప్‌లోనూ అంతే, టోన్లు వేరువేరుగా ఉంటేనే చెవి ఒక్కో కాల్‌సైన్‌ను (స్టేషన్ గుర్తు) విడదీస్తుంది.

బ్యాండంతా వెతుకుతూ మీరే పిలిచేటప్పుడు, రాత్రిపూట 7 మెగాహెర్ట్జ్‌లో పక్క స్టేషన్ మీదకొచ్చి పడినప్పుడు 250 బంగారమే. అలాగని 100కు దించకండి. నిమిషానికి 30 పదాల వేగంలో ఒక డిట్ (మోర్స్ చుక్క) 40 మిల్లీసెకన్లే. అంత సన్న ఫిల్టర్‌లో ప్రతి చిటపటా గుడి గంటలా మోగుతూ డిట్ల మధ్య ఖాళీని మింగేస్తుంది. ఇక పక్కవాడి కీ క్లిక్స్ (మోర్స్ కొట్టేటప్పుడు అతని సిగ్నల్ పక్కలకు చిమ్మే టిక్ టిక్ చప్పుడు) మీ ఫ్రీక్వెన్సీ మీదే పడుతుంటే, దానికి నా దగ్గర మందు లేదు.

డీఎస్పీ రేడియో (ఫిల్టర్ పని లోపలి చిప్పే లెక్కలతో చేసేది) ఉన్నవాళ్లు ఏమీ కొనొద్దు. విడ్త్ నాబ్ 400, 500 మధ్య పెట్టి మొదలుపెట్టండి, అవసరమైతే బిగించండి. పక్కన బలమైన సిగ్నల్ వచ్చినప్పుడల్లా మీరు వింటున్న స్టేషన్ అణిగిపోతుంటే మాత్రం రూఫింగ్ ఫిల్టర్ (బలమైన పక్క సిగ్నల్‌ను రేడియో మొదట్లోనే ఆపేది) గురించి మాట్లాడదాం.

ఇదివరకు మన దగ్గర 250 కొని ఇంకా సోల్డర్ చేయనివాళ్లు బిల్లుతో తెస్తే 500 ఇచ్చి తేడా డబ్బు వాపస్ ఇస్తా. సోల్డర్ చేసింది తీసుకోను. ఫిట్టింగ్ కావాల్సినవాళ్లు, కరీంనగర్ నుంచి వచ్చేవాళ్లు కూడా, రేడియోలు కాంటెస్ట్‌కు వారం ముందే ఇవ్వండి. ఆ శని, ఆదివారాలు షాపు బంద్. నేనూ కీ మీదే ఉంటా, ఫోన్ ఎత్తను.