మోర్స్ కీ మన ఊళ్ళోనే చేయించుకోవచ్చు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మోర్స్ కోడ్ గురించి, అంటే చుక్కలు గీతలుగా అక్షరాలు పంపే పద్ధతి గురించి, ఒక పేజీ వేశారు, చాలా సంతోషం. తెలుగులో దాని గురించి రాసేవాళ్ళే తక్కువ. కానీ అందులో రెండు సంగతులు మనసుకు గుచ్చుకున్నాయి, ఊరుకోలేక రాస్తున్నాను. 2013 జులైలో టెలిగ్రాం ఆపేయడంతో మన దేశంలో మోర్స్ పని కూడా అయిపోయిందని రాశారు, అదొకటి. పిల్లలు నేర్చుకోవడానికని ఏ అక్షరానికి ఎన్ని చుక్కలు, ఎన్ని గీతలు అని అరపేజీ చార్టు వేశారు, అది రెండోది.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. రేడియోలు, టీవీలు బాగుచేసే షాపు నడుపుతున్నాను. మా నాన్నగారు తపాలా ఆఫీసులో తంతి గుమాస్తాగా చేశారు. ఆయన కీ, అంటే మోర్స్ పంపడానికి నొక్కే మీట, కొడుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని చూసినవాడిని. టెలిగ్రాం మూసేసేనాటికే తంతి ఆఫీసుల్లో మోర్స్ పోయి చాలా ఏళ్ళయింది, ముందు టెలిప్రింటర్లు వచ్చాయి, తర్వాత కంప్యూటర్లు. అక్కడ పోయింది గానీ రేడియోలో పోలేదు. రాత్రి భోజనాలయ్యాక 7000 నుంచి 7030 కిలోహెర్ట్జ్ మధ్య రిసీవర్ తిప్పండి, సన్నగా ఈల వేసినట్టు డిట్లు డాలు (చుక్క మోత డిట్, గీత మోత డా) వినిపిస్తూనే ఉంటాయి, మనవాళ్ళవీ ఉంటాయి, జపాన్ వాళ్ళవీ రష్యా వాళ్ళవీ ఉంటాయి. నేను హామ్, అంటే సొంత సెట్టుతో సరదాగా రేడియో నడిపేవాళ్ళ, లైసెన్సు పరీక్ష రాసినప్పుడు జనరల్ గ్రేడ్ కావాలంటే నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ పంపాలి, విని రాయాలి కూడా. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు ఆ పరీక్ష ఉండదు.

ఇంత వయసొచ్చాక నాకెందుకు ఈ పని అంటే, తిత్లీ వల్ల. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తుపాను పలాస దగ్గర తీరం దాటింది, మా వైపు కొండల మీద కుంభవృష్టి. మహేంద్రతనయ పొంగింది. బరఘరలో కొండచరియ విరిగిపడి జనం పోయారన్న కబురు కూడా మాకు ఆలస్యంగానే తెలిసింది. కరెంటు లేదు, ఏ కంపెనీ ఫోనూ పనిచేయలేదు. మా అమ్మాయిని టెక్కలిలో ఇచ్చాం, ఇంచుమించు 40 కిలోమీటర్లు. రెండు రోజులు ఆ పిల్ల ఎలా ఉందో తెలియలేదు. షాపు నిండా రేడియోలు పెట్టుకుని, ఒక్క మాట బయటికి పంపలేక కూర్చున్నాను. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. 1999 అక్టోబర్‌లో ఒడిశాకు పెనుతుపాను వచ్చినప్పుడు హామ్ ఆపరేటర్లు వచ్చి సమాచారం అందించారని పేపర్లో చదివిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మర్నాటి నుంచే లైసెన్సు కోసం చదవడం మొదలుపెట్టాను.

తుపాన్లప్పుడు ఎక్కువ పని మైకుతోనే జరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ బ్యాటరీ అడుగంటినప్పుడు, ఉరుముల గోలలో మాట తెలియనప్పుడు మోర్సే గట్టెక్కిస్తుంది. మాటకు దాదాపు రెండున్నర కిలోహెర్ట్జ్ వెడల్పు కావాలి, మోర్స్‌కు ఒకటి రెండు వందల హెర్ట్జ్ చాలు. ఉన్న కాస్త పవరంతా ఒక సన్నని సందులోకి పోతుంది, అవతలివాడు కూడా ఫిల్టరు బిగించి ఆ సందు ఒక్కటే వింటాడు. ఐదు వాట్ల సెట్టు, చెరో వైపు పది మీటర్ల చొప్పున డాబా మీద కట్టిన రాగితీగ, ఇంతే నా సరంజామా.

ఇక చార్టు సంగతి. దయచేసి పిల్లలకు ఆ చార్టు ఇవ్వకండి. మా పక్కింటి అమ్మాయి ఇంటర్ చదువుతోంది, నా దగ్గర నేర్చుకుంటానని వచ్చింది. అప్పటికే గోడకు చార్టు అంటించుకుని నెల రోజులు బట్టీ పట్టింది. "మావయ్యా, చూస్తే అన్నీ వస్తున్నాయి, వింటే ఒక్కటీ అందట్లేదు" అంది. ఎందుకు అందుతుంది? చెవిన పడిన శబ్దాన్ని ముందు చుక్కలుగా మార్చుకుని, ఆ చుక్కల్ని చార్టులో వెతుక్కుని, అప్పుడు అక్షరం రాయాలి, ఈలోగా ఇంకో రెండు అక్షరాలు వెళ్ళిపోతాయి. ఎఫ్ అంటే డిడిడాడిట్, ఎల్ అంటే డిడాడిడిట్. కాగితం మీద రెండింటిలోనూ మూడు చుక్కలూ ఒక గీతే, చెవికి మాత్రం రెండు వేర్వేరు పాటలు. ఒక్కో అక్షరాన్ని వేగంగా, ఒకే ముద్దగా వినిపించి, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం ఎక్కువ ఇవ్వాలి. అమ్మాయికి చార్టు చింపించేశాను, రోజుకు ఇరవై నిమిషాలు వినడమే. మా ఊళ్ళోనే ఉండి గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకున్నది కూడా పుస్తకం చూసి కాదు కదా, రాతే లేని భాష, సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని చెవితోనే పట్టారు.

పైగా లఘువు, గురువు తెలిసిన తెలుగు పిల్లలకు ఇది కష్టం కాకూడదు. పద్యంలో గురువుకు రెండు మాత్రలు, ఇక్కడ గీతకు మూడు చుక్కల కాలం, అంతే తేడా. అక్షరాల మధ్య ఎడం మూడు చుక్కల కాలం, పదాల మధ్య ఏడు. 8 పదాల వేగమంటే ఒక చుక్క 0.15 సెకను.

అసలు బాధ కీతో. మా వైపు ఏ బజారులోనూ దొరకదు. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చేవాటిలో నేను మొదట తెప్పించుకున్నది బొమ్మ లాంటిది, ప్లాస్టిక్ పీట, అరచెయ్యంత కూడా లేదు, నొక్కినప్పుడల్లా బల్ల మీద జారిపోయేది. జారే కీని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో కొట్టడం అలవాటైతే మణికట్టు బిగుసుకుపోతుంది, ఆ చెయ్యి మళ్ళీ దారికి రావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మంచివి కొనాలంటే విదేశాల నుంచి రావాలి, ఆ ధర చూసి పిల్లలు వెనక్కి పోతున్నారు. కొందరు నేరుగా ప్యాడిల్ కొనమంటారు, వేలితో ఒక పక్క నొక్కితే చుక్కలు, ఇంకో పక్క నొక్కితే గీతలు, కీయర్ అనే చిన్న సర్క్యూటే కొలిచి పంపేస్తుంది. వేగం వచ్చాక అది మంచిదే. రోజంతా పైనుంచి కిందికి కొట్టి తంతి వాళ్ళకు చేతులు పడిపోయేవి, పక్కకు కదిలే బగ్ కీని అమెరికాలో హోరేస్ మార్టిన్ 1904లో తెచ్చింది ఆ బాధ తప్పించడానికే. కానీ మొదట నేర్చుకునేవాడికి కాలం కొలవడం తన చేతికే రావాలి. అందుకు పైనుంచి కిందికి నొక్కే మామూలు స్ట్రెయిట్ కీయే సరైనదని నా గట్టి అభిప్రాయం.

అందుకే నా కీ నేనే చేయించుకున్నాను. బుడితి నుంచి తెచ్చిన పాత ఇత్తడి ముక్కను లేత్ షాపులో ఇచ్చి కడ్డీగా తీయించాను. ఇరుసుకు రెండు వైపులా మొనదేలిన స్క్రూలు పెట్టాం, వదులు లేకుండా, అలాగని పట్టేయకుండా. పీటకు కిలోన్నర ఇనుప పలక, అడుగున సైకిల్ ట్యూబు రబ్బరు అంటించాను, అంగుళం కదలదు. ఇత్తడికి ఇత్తడి తగిలితే కొన్నాళ్ళకు చిలుము పట్టి గరగరమంటుంది. మా ఆవిడ పాత వెండి పట్టీల గజ్జె ఒకటి ఇచ్చింది, కంసాలి దాన్ని రెండు బిళ్ళలు చేసి కాంటాక్టులకు టంకం పెట్టాడు. మాటి మాటికీ శుభ్రం చేయక్కర్లేదు, తెల్ల కాగితం మధ్యలో పెట్టి ఒకసారి లాగితే చాలు. ఇక చేత్తో పట్టుకునే గుండీ. మా పర్లాకిమిడి కొమ్ము పని అందరికీ తెలిసిందే, కొంగలూ రొయ్యలూ చేసే ఆయన్ని అడిగితే రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దగా, నున్నగా చెక్కి ఇచ్చాడు. ఎండాకాలం చెమట పట్టినా వేలు జారదు. కాంటాక్టుల మధ్య ఎడం పోస్టుకార్డు మందం పెట్టుకుని, చెయ్యి తిరిగేకొద్దీ తగ్గించుకుంటూ వచ్చాను.

అందుకని నా విన్నపం. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం, మన తెలుగు పిల్లలు చదివే ఊళ్ళే ఇవన్నీ. ఐటీఐలలో, ఇంజినీరింగ్ కాలేజీలలో లేత్‌లు ఉన్నాయి, ఇత్తడి పని, కొమ్ము పని తెలిసిన చేతులు పక్కనే ఉన్నాయి, చేతినిండా బేరం లేక కూర్చున్నాయి. పది కీలు చేయిస్తే ఒక కాలేజీకి సరిపోతాయి. మోత వినడానికి 555 ఐసీ (మోత పుట్టించే చిన్న చిప్పు), చిన్న స్పీకరు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, అంతకంటే ఖర్చు లేదు, దానికి లైసెన్సు కూడా అక్కర్లేదు, గాలిలోకి ఏమీ పంపడం లేదు గనక. గాలిలోకి పంపాలంటే మాత్రం లైసెన్సు ఉండి తీరాలి, ఇది మీ పేపర్లో స్పష్టంగా రాయండి, సరదాకి సెట్టు కొని నొక్కేస్తే కేసవుతుంది. పన్నెండేళ్ళు నిండిన పిల్లలు పరీక్ష రాయొచ్చన్నది కూడా చాలామంది తల్లిదండ్రులకు తెలియదు, అదీ వేయండి.

నా కీ కొలతలు, బొమ్మ గీసి ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. వచ్చే అనుబంధంలో చార్టు బదులు అది వేస్తే మేలు. ఏ బడి వాళ్ళైనా మీ ఆఫీసు ద్వారా అడిగితే కీ పట్టుకుని నేనే వస్తాను, ఆదివారాలు షాపు మూసే ఉంటుంది.

ఇట్లు
మీ పాఠకుడు, రేడియో మెకానిక్
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా