ముందు బెంచీలో కూర్చోబెట్టినంత మాత్రాన పాఠం వినపడదు

ఎడిటర్ గారికి నమస్కారం,

స్కూల్ అడ్మిషన్ల గురించి, ఫీజుల గురించి మీ పేపర్లో బాగానే రాస్తున్నారు, కానీ సీటు దొరికి రోజూ స్కూలుకి వెళ్తున్నా పాఠం మాత్రం అందని పిల్లలు కొంతమంది ఉన్నారు, వినికిడి లోపం ఉన్న పిల్లలు, వాళ్ళ గురించే ఈ ఉత్తరం. నేను బెంగళూరు కేఆర్ పురంలో ఇంట్లో ట్యూషన్లు చెప్తాను. ఎక్కువమంది మదనపల్లి, అనంతపురం, హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ సెటిలైన మనవాళ్ళ పిల్లలే. అందులో ఎనిమిదో క్లాసు అబ్బాయి ఒకడు రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుంటాడు. రాసి చూపిస్తే చాలు, లెక్క ఇట్టే పట్టేస్తాడు, కానీ స్కూల్లో అడిగితే క్లాసులో శ్రద్ధ లేదంటారు.

ముందు బెంచీలో కూర్చోబెడుతున్నాం కదండీ అని స్కూల్ వాళ్ళు ఒకటే మాట. టీచర్ బోర్డు వైపు తిరిగి రాస్తూ చెప్తుంటే వాడికి పెదాలు ఎలా కనపడతాయి? పోనీ ఇటు తిరిగి చెప్పినా, పాట, బాట, మాట ఈ మూడూ అద్దం ముందు గొంతు రాకుండా అని చూడండి, పెదాలు ఒకేలా కదుల్తాయి, వాడు వాక్యాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే. పైగా ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, అదీ కాక కన్నడ. అలాంటి పిల్లాడికి అందరితో పాటు డిక్టేషన్ పెట్టి మార్కులు కోసేస్తే ఏం న్యాయం అండీ. రేపు సెలవని స్పీకర్లో చెప్పారట, ఎవరూ డైరీలో రాయించలేదు, పొద్దున్నే యూనిఫాం వేసుకుని వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు పాపం.

మిషన్ పెడితే కళ్ళజోడు పెట్టినట్టు అంతా సరైపోతుందని చాలామంది అనుకుంటారు. కాదండీ, టీచర్ గొంతుతో పాటు ఫ్యాను, బెంచీలు జరిపే చప్పుడు, రోడ్డు మీద హారన్లు అన్నీ పెద్దవై చెవిలో పడతాయి, టీచర్ దూరం జరిగేకొద్దీ మాట ఆ రొదలో కలిసిపోతుంది. సాయంత్రం నా దగ్గరికి రాగానే వాడు తల నొప్పిగా ఉందని మిషన్లు తీసి డబ్బాలో పెట్టేసి, అప్పుడు పుస్తకం తెరుస్తాడు. టీచర్ మెడలో వేసుకునే చిన్న మైకు ఉంటుంది, గొంతు నేరుగా మిషన్‌లోకే వస్తుంది, ఖరీదైందే కానీ స్మార్ట్ బోర్డులు కొనే స్కూళ్ళకి అదేం భారం కాదు.

ఇంకోటి, సైగలు నేర్పితే ఇక మాటలు రావని తల్లిదండ్రుల్ని భయపెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. బధిరుల చదువు మీద 1880లో మిలాన్‌లో జరిగిన మహాసభ సైగల భాషని, అంటే సైన్ లాంగ్వేజ్‌ని, తోసేసింది, 2010లో వాంకూవర్‌లో అదే మహాసభ ఆ తీర్మానాలు తప్పని ఒప్పుకుంది, మన దగ్గర మాత్రం ఆ భయం పోలేదు. ఢిల్లీలో 2015లో ఇండియన్ సైన్ లాంగ్వేజ్ సెంటర్ పెట్టారు, 2018లో 3,000 మాటలతో మొదలైన వాళ్ళ డిక్షనరీ 2021కి 10,000కి చేరింది, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్ని సైన్ వీడియోలుగా చేయడానికి 2020లో ఒప్పందం కూడా అయింది. ఆ వీడియోలు ఒక్కసారైనా క్లాసులో వేశారా అని వాడి స్కూల్లో అడిగితే, అలాంటివి ఉన్నాయని కూడా ఆ టీచర్లకి తెలీదు. వాళ్ళనీ ఏమనలేం, ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మాత్రం సైన్ లాంగ్వేజ్ వచ్చిన టీచర్లని పెట్టాలని స్పష్టంగా ఉంది.

సీబీఎస్‌ఈలో ఇలాంటి పిల్లలు రెండు భాషల బదులు ఒకటే రాయొచ్చు, మూడు గంటల పరీక్షకి గంట అదనంగా ఇస్తారు. ఆ అబ్బాయి అమ్మానాన్నలకి ఈ సంగతి నేను చెప్తేనే తెలిసింది, వాళ్ళమ్మైతే ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేంటని ఏడ్చేసింది. ఊరు కాని ఊరు, భాష సరిగ్గా రాదు, ఆఫీసుల చుట్టూ తిరగడం వాళ్ళ వల్ల ఎక్కడవుతుంది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నా, వినికిడి లోపం ఉందని సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలి, ఏ బోర్డులో ఏ మినహాయింపు ఉంది, ఎప్పుడు అప్లై చేయాలి, ఇవన్నీ మీ బెంగళూరు ఎడిషన్ చదువు పేజీలో పరీక్షల ముందు కాకుండా జూన్‌లోనే తెలుగులో వేయండి. అలాగే మీరు యూట్యూబ్‌లో పెట్టే టెన్త్ పాఠాల వీడియోల్లో చెప్పే మాటలు కింద తెలుగు అక్షరాల్లో వేయించండి, మావాడు చూస్తాడు.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచర్,
కేఆర్ పురం, బెంగళూరు