యురేనియం కొలత బోరు దగ్గరే జరగాలి

సంపాదకులకు,

కడప జిల్లా వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం కర్మాగారపు వ్యర్థాల చెరువు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ బోరునీళ్లు చెడిపోయాయని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. ఆ చెరువు నీరు ఊరుతోందా, ఇక్కడి రాతిలో సహజంగా ఉన్న యురేనియమే కరుగుతోందా అన్న వాదం తెగడం లేదు. ఏ బోరులో ఏ నెల ఎంత ఉందన్న లెక్క ఊరి చేతిలో లేనంతకాలం అది తెగదు కూడా.

ఈ మధ్య ఒక నీటి ప్లాంటులో అడిగితే, అక్కడి కుర్రాడు గ్లాసులో టీడీఎస్ మీటరు ముంచి, 80 అని చూపించి, ‘యురేనియం గిరేనియం ఏమీ లేదు సార్’ అన్నాడు. ఆ మీటరు కరిగిన లవణాలన్నిటినీ కలిపి మిల్లీగ్రాముల్లో చెబుతుంది. తాగునీటిలో యురేనియం హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో వందకు మూడు వంతులు. అది ఆ అంకెల్లో ఎక్కడ కనబడుతుంది? రేడియేషన్‌ను కొలిచే గీగర్ కౌంటరు పెట్టినా అంతే. ఇంత కొద్ది యురేనియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు నీటిని దాటి బయటికి రావు. పైగా ఈ మోతాదుల్లో మొదటి భయం రేడియేషన్ గురించి కాదు, మూత్రపిండాల గురించి.

షుగరు చూసుకునే స్ట్రిప్పు చాలా ఇళ్లలో ఉంది. అది రసాయన చర్యలో పుట్టే కరెంటును కొలిచే విద్యుత్ రసాయన సెన్సరే. నీటిలోని యురేనియానికీ అదే తరహా పద్ధతి ఉంది: లోహ అయాన్‌ను పట్టుకునే పదార్థం పూసిన ఎలక్ట్రోడు మీద యురేనియం కాసేపు పోగుపడనిచ్చి, తర్వాత వోల్టేజిని క్రమంగా మారుస్తూ పోతే, ఒకచోట కరెంటు శిఖరంలా లేస్తుంది, ఆ ఎత్తును బట్టి మోతాదు తెలుస్తుంది. చిక్కులు లేకపోలేదు. బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీటిలో యురేనియం కార్బొనేట్‌తో గట్టిగా జతకట్టి ఉంటుంది (తుమ్మలపల్లెలో ఖనిజం నుంచి యురేనియాన్ని తీసేదీ సోడియం కార్బొనేటుతోనే), కాబట్టి ముందుగా కాస్త ఆమ్లం కలిపి, బుడగలు పోయేదాకా ఆగాలి. ఇనుము, సేంద్రియ పదార్థాలు లెక్కను తప్పుదోవ పట్టించవచ్చు. అందుకే ఈ పద్ధతితో పనిచేసే పరికరాలను ముందు ఇక్కడి బోరునీటి మీదే ప్రయోగశాల ఫలితాలతో సరిచూడాలి, తర్వాత కూడా అనుమానం కలిగించిన ప్రతి నమూనానూ ప్రయోగశాలకు పంపాలి. ప్రయోగశాలకు ఇది బదులు కాదు. ఏ బోరు నీటిని అక్కడికి పంపాలో చెప్పే జల్లెడ.

జలజీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇస్తున్నారు. వాళ్ల కిట్లతో ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము వంటివి చూస్తారు గానీ యురేనియం చూడరు. గని చుట్టుపక్కల ఊళ్లలోనైనా దాన్ని చేర్చమని గ్రామీణ నీటి సరఫరా శాఖను కోరుతున్నాను.

ఇంకొక్క మాట. భారత ప్రమాణాల సంస్థ 2021లో పెట్టిన హద్దు 30 మైక్రోగ్రాములైతే, అణుశక్తి నియంత్రణ మండలి చెప్పినది 60. నలభై ఐదు వచ్చిన బోరు ఒకరి లెక్కన మంచిది, మరొకరి లెక్కన చెడ్డది. కాబట్టి ‘నీరు సురక్షితం’ అని ముద్ర వేసిన కాగితం మాకు వద్దు. బోరు నంబరు, తేదీ, వచ్చిన అంకె, ఈ మూడూ గ్రామ సచివాలయం బోర్డు మీద ప్రతి నెలా రాయించండి.

— ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, పులివెందుల