ఈసారి టీషర్టులు లేవు, స్పాన్సర్లు కావాలి

హన్మకొండలో మా బేకరీకి వచ్చే అందరికీ నమస్తే. ఫిబ్రవరి రెండో ఆదివారం పొద్దున షాపు మూసి ఉంటుంది, 11 దాటాకే తెరుస్తాం. ఆ రోజుకు బర్త్‌డే కేక్ కావాల్సినవాళ్లు శనివారం రాత్రే తీసుకెళ్లండి. తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారవని, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లల కోసం పోయినేడు భద్రకాళి బండ్ మీద పెట్టిన 5 కిలోమీటర్ల పరుగు ఆ పొద్దునే మళ్లీ పెడుతున్నాం.

ముందు పోయినేటి లెక్క. చాలామంది అడిగారు, నేనే తప్పించుకు తిరిగాను. వచ్చింది 1,18,000. టీషర్టులకు 46,000, ఫ్లెక్సీలకూ సౌండ్‌కూ 17,000 పోగా పిల్లల దాకా చేరింది 55,000, అంటే సగం కూడా కాదు. తప్పు నాదే. టీషర్టు ఇవ్వకపోతే జనం రారేమోనని టెన్షన్ పడి ముందే 300 ఆర్డర్ ఇచ్చేశాను, వచ్చింది 190 మంది. మిగిలినవి మైదా బస్తాల వెనకాల పడి ఉన్నాయి, మా మాస్టర్ రెండు తీసి ట్రేలు తుడుస్తున్నాడు. పైగా స్పాన్సర్ చేస్తామన్న 11 షాపుల్లో మాట మీద నిలబడినవి 6.

అసలు ఇదంతా నాకెందుకంటే, ఒకమ్మ మూడు వారాలకోసారి కొడుకుని తీసుకొచ్చేది, వాడికి ఎగ్ పఫ్, టీ. ఏడేళ్ల పిల్లాడికి టీ ఏంటమ్మా అని ఒకరోజు నోరు జారాను. "డాక్టరే తాగమన్నాడన్నా, టీ తాగితే తిండిలో ఐరన్ ఒంటికి తక్కువ పడుతుందట" అంది. అప్పుడు చూశాను వాడి చేతి మీద ప్లాస్టర్. రక్తం ఎక్కించుకుని నేరుగా మా దగ్గరికే వచ్చేవాళ్లు. తలసీమియా మేజర్, అంటే ఆ జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒక్కో యూనిట్‌తో సుమారు 200 మిల్లీగ్రాముల ఐరన్ ఒంట్లోకి వస్తుంది, అది దానంతట అది బయటికి పోదు, గుండెలో, లివర్‌లో పేరుకుంటుంది, అందుకే దాన్ని బయటికి పంపే మాత్రలు రోజూ వేసుకోవాలి. రక్తం వీళ్లకు ఉచితంగా ఇవ్వాలన్న రూల్ ఉంది. మరి రక్తం ఎక్కించేటప్పుడు వాడే ఫిల్టర్లు, పరీక్షలు, బస్సు చార్జీలు, ఆ రోజు పోయిన కూలి?

మే 8 ప్రపంచ తలసీమియా దినం, ఆ రోజే పెట్టొచ్చుగా అన్నారు కొందరు. మే నెల వరంగల్ ఎండలో పరుగు పెడితే మనకే సెలైన్ ఎక్కించాలి.

పెద్ద కంపెనీలనూ అడిగాను. ప్రపోజల్ పంపమన్నారు, పంపాను, అంతే. సీఎస్సార్, అంటే లాభంలో కొంత సమాజ సేవకు ఖర్చు పెట్టాలన్న రూల్, ఏడాదికి 5 కోట్లు, ఆపైన లాభం వచ్చే కంపెనీల సంగతి. మన చౌరస్తాలో అంత లాభాలుంటే నేను పొద్దున నాలుగింటికి లేచి పిండి ఎందుకు కలుపుతాను!

అందుకే మిమ్మల్నే అడుగుతున్నా. మెడికల్ షాపు, బట్టల షాపు, టెంట్ హౌస్, ఏదైనా సరే. డబ్బే అక్కర్లేదు, అరటిపండ్లు, నీళ్ల క్యాన్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, షామియానా, పరిగెత్తేవాళ్ల నంబర్ల ప్రింటింగ్, ఏదో ఒకటి మీ మీద వేసుకోండి. డబ్బయితే 2,000 నుంచి, అదీ నా చేతికి వద్దు, పిల్లలను చూసుకునే సొసైటీ ఖాతాకే వేయండి, రసీదు వాళ్లే ఇస్తారు. విరాళానికి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో వచ్చే మినహాయింపు (80జీ అంటారు) కావాలంటే 2,000 దాటిన నగదు చెల్లదు, కొత్త పద్ధతిలో ట్యాక్స్ కట్టేవాళ్లకు ఆ మినహాయింపే రాదు. బోర్డు మీద షాపు పేరు కోసం ఇచ్చేదాన్ని విరాళంగా రాసుకోవచ్చా అని మాత్రం నన్నడక్కండి, మీ సీఏని అడగండి.

బోర్డు ఒక్కటే, పేర్లన్నీ ఒకే సైజు. పోయినేడు ఒకాయన తన ఫొటో అందరికంటే పెద్దగా ఉండాలని పట్టుబట్టి వేయించుకున్నాడు, డబ్బు ఇంకా రాలేదు.

జనవరి నెలాఖరులోగా ఇస్తారో లేదో చెప్పండి. కుదరదంటే నేనేమీ అనుకోను, "చూద్దాం" అని మాత్రం అనకండి. చూద్దాం అన్నవాళ్లను నమ్ముకునే పోయినేడు ఆఖరి రాత్రి అరటిపండ్లకు నా గల్లా ఖాళీ చేశాను.

మిగిలిన టీషర్టులు కావాలంటే కౌంటర్ దగ్గర అడగండి, ఊరికే ఇస్తాను. ఎక్స్‌ఎల్ (XL) సైజే ఉంది.