కత్తిపీట కథ, బండి చక్రం కోసం ఒక అర్జీ

అనకాపల్లి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ పొట్టోడా,

ఫోను చేస్తే "మీటింగులో ఉన్నాన్రా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. రాత కోడిగీతల్లా ఉందని నవ్వకు, కుడి బొటనవేలికి కట్టు ఉంది. ఆ కట్టు కథే రాయబోతున్నాను. చివర్లో నీకో పని కూడా ఉంది కాబట్టి మధ్యలో వదిలెయ్యకు.

మా పెరట్లో కట్టెల కొట్టం గుర్తుందా, ఇంటర్లో మనం సిగరెట్టు కాలుస్తూ నాన్నకి దొరికిపోయిన చోటు? దాన్ని ఖాళీ చేయించి రెండేళ్ళుగా నా సామాను పెట్టుకుంటున్నాను. మొదట్లో ఒక సుత్తి, ఒక రంపం, నాలుగు ఉలులు, అంతే. ఇప్పుడు కాలు పెట్టడానికి చోటు లేదు. వారమంతా బ్యాంకులో ఊరి వాళ్ళ డబ్బు లెక్కపెట్టి, ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి అందులో దూరానంటే అన్నానికి మూడుసార్లు పిలిస్తేగానీ రాను. మా ఆవిడ దానికి "రెండో కాపురం" అని పేరు పెట్టింది.

ఈ ఎండాకాలంలో అమ్మ కత్తిపీట విరిగింది. నాకంటే పెద్దది అది. కత్తి అరిగి అరిగి నెలవంకలా అయిపోయింది. బజారు నుంచి కొత్తది తెచ్చాను. గుమ్మడికాయ ఆనించేసరికి పక్కకి వాలింది. "ఇది కత్తా, డబ్బా మూతా?" అంది అమ్మ. నిలబడి చాకుతో తరగడం ఆవిడకి చేతకాదు. కింద కూచుని, పీట మీద కాలు అదిమిపెట్టి, రెండు చేతులా కాయ పట్టుకుని కత్తి మీదికి తోస్తేనే ఆవిడకి కూర తరిగినట్టు. నేను ఊరుకోలేక "నేను చేసిపెడతాలే" అనేశాను. "పనిమంతుడు పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిందట" అని లోపలికి వెళ్ళిపోయింది. ఇక చెయ్యక చస్తానా.

లారీ షెడ్ల దగ్గర తుక్కు కొట్టులో కమాను పట్టీ, అదే లారీ స్ప్రింగు పట్టీ, ముక్క ఒకటి తూకం వేయించి తెచ్చాను. కమాను పట్టీయే ఎందుకంటే, అది వంగి మళ్ళీ సర్దుకోవడానికి చేసిన ఉక్కు. అందులో కార్బన్ అర శాతం పైనే ఉంటుంది. కిటికీ గ్రిల్లుకి వాడే మామూలు పట్టీలో పావు శాతం కూడా ఉండదు, దాన్ని ఎన్నిసార్లు కాల్చి ముంచినా పదును నిలవదు. చిక్కేమిటంటే, కమాను పట్టీని ఆకురాయితో రాస్తే ఆకురాయే అరుగుతుంది. ముందు దాన్ని మెత్తబరచాలి. ఎర్రగా కాల్చి, బూడిద కుప్పలో పాతిపెట్టి, తెల్లారేదాకా ముట్టుకోకూడదు. అలా మెల్లగా చల్లారిన ఉక్కు పొద్దున్నకి బుద్ధిమంతుడైపోతుంది. ఆకురాయి పెడితే కర్రుకర్రుమని పొడి రాలుతుంది.

నా కొలిమి చూస్తే నువ్వు పడీపడీ నవ్వుతావు. లారీ బ్రేకు డ్రమ్ము, దాని అడుగున నీళ్ళ పైపు, ఆ పైపుకి మా ఆవిడ వాడి పారేసిన హెయిర్ డ్రయ్యరు. అదే నా తిత్తి. బొగ్గులు ఇస్త్రీ బండి అతను కొనేచోటే కొంటాను. ఇనుము పెట్టి కొట్టే దాగలి లేదు, ముప్ఫై కిలోల ఇనప దిమ్మ ఒకటుంది, దాన్ని మామిడి మొద్దు మీద కూచోబెట్టాను.

మూడు ఆదివారాలు సాగగొట్టి, ఒంపు తిప్పి, రాసి, కత్తి ఆకారం తెచ్చాను. ముక్కు చివర కొబ్బరి కోరడానికి పళ్ళు కూడా కోశాను, ఒక్కొక్కటీ ముక్కోణపు ఆకురాయితో. ఇక పదునెక్కించడం, అంటే నూరడం కాదు, కాల్చి ముంచి గట్టిపరచడం. ఈ పని పట్టపగలు చెయ్యకూడదు, ఎండలో ఎరుపు తెలీదు. పొద్దుగూకాక మొదలుపెట్టాను. రంగు చూసి పోల్చుకునే కన్ను నాకింకా రాలేదు కాబట్టి అయస్కాంతం ముక్క ఒకటి తీగకి కట్టి పెట్టుకున్నాను. ఇనుము 770 డిగ్రీలు దాటితే అయస్కాంతానికి అంటదు. ఇంకాస్త వేడి చూపించి తీసెయ్యాలి. అయస్కాంతం అంటడం మానేసింది. పటకారుతో పట్టుకుని, సినిమాల్లో చూసినట్టు, బక్కెట్లో నీళ్ళలో ముంచాను. బుస్సుమంది. ఆ బుస్సులోంచి సన్నగా "టింగ్" అని ఒక చప్పుడు.

తీసి చూస్తే కత్తి నడిమధ్య వెంట్రుకవాసి గీత, ఈ అంచు నుంచి ఆ అంచుకి. మూడు ఆదివారాలురా!

మర్నాడు సాయంత్రం ఆ ముక్క పట్టుకుని మెయిన్ రోడ్డు వెనక ఉన్న కమ్మరి తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని గోటితో మీటి, చప్పుడు విని, కిందపెట్టి నవ్వాడు. "కమాను పట్టీకి నీళ్ళు చూపించమని ఎవులు సెప్పేరు బావూ?" అన్నాడు. సంగతేమిటంటే, నీళ్ళు వేడిని మరీ తొందరగా లాగేస్తాయి. పైపొర బిగుసుకుపోతుంది, లోపలింకా వేడి మీదే ఉంటుంది. ఆ లోపలిది ఆలస్యంగా మారేటప్పుడు పైపొర తట్టుకోలేక పగులుతుంది. ఆ ఉక్కుకి నూనె సరిపోతుంది.

రెండో కత్తికి పకోడీలు వేసిన పాతనూనె వాడాను, నాలుగు నెలలుగా మా ఆవిడతో దాపించింది. ముంచగానే ఒక్కసారి మంట లేచి ఆరింది. ఇనప మూత పక్కనే పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే కొట్టం ఉండేది కాదు. వీధంతా కమ్మటి వాసన. ఎదురింటావిడ గోడ మీంచి తొంగిచూసి "గారెలా అండీ?" అంది.

ఈసారి పగల్లేదు. ఆకురాయి పెడితే గాజు మీద జారినట్టు జారింది. అంటే గట్టిపడింది. కానీ ఆ గట్టిదనం పెంకుది, కింద పడితే ముక్కలవుతుంది. కొంచెం పొగరు తగ్గించాలి. మా ఆవిడ కేకులు చేసే కరెంటు పొయ్యి ఓటీజీలో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెట్టి తీస్తే, తోమిన చోటల్లా లేత ఎండుగడ్డి రంగు తేలింది. ఆ రంగు చూసి నేను గంతులేస్తుంటే మా ఆవిడ "కేకు ఎక్కడ?" అంది. ఓటీజీకి నూనెకంపు పోవడానికి పది రోజులు పట్టింది, ఆ పది రోజులు ఇంట్లో నా పరిస్థితి అడక్కు.

మధ్యలో ఒక మాట. మనం ఉక్కు అంటే విశాఖ ఉక్కు ఒక్కటే అనుకుంటాం. నిజామాబాద్ దగ్గర కోనసముద్రంలో కొలుముల్లో తయారైన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారట. సర్వే వాళ్ళతో తిరిగిన వాయిసీ అనే దొర అక్కడ తను చూసింది రాస్తే అది 1832లో అచ్చయింది. ఇంగ్లీషువాళ్ళు ఊట్జ్ అని పిలిచింది ఆ రకాన్నే. అలాంటి గడ్డ మీద పుట్టి నేను బక్కెట్లో ముంచి పగలగొట్టుకున్నాను.

కర్ర కథ ఇంకో దరిద్రం. సామిల్లులో వేప పలక బావుందని కొన్నాను. పచ్చిది. చిత్రిక పడుతుంటే చేతికి చెమ్మ తగుల్తూనే ఉంది, అయినా ఆగలేదు. రోహిణి కార్తె ఎండలకి రెండు చివర్లా నెర్రెలిచ్చి, మధ్యలో దోనెలా వంగింది. కర్ర పొడవునా దాదాపు కుంచించుకోదు, అడ్డంగా కుంచించుకుంటుంది. అందులోనూ వలయాల వెంబడి కుంచించుకునేది, నడిబొడ్డు వైపు కుంచించుకునేదానికి ఇంచుమించు రెట్టింపు. అందుకే దోనె. పచ్చి పలక అంగుళం మందానికి ఏడాది చొప్పున నీడలో ఆరాలి, చివర్లకి మైనమో పెయింటో పూసి మరీ ఆరబెట్టాలి. అంత ఓపిక నాకెక్కడిది? పడగొట్టిన ఇంటి తలుపు చెక్క ఒకటి దొరికితే దాన్నే కోశాను. టేకు. తరతరాలుగా ఆరిన చెక్క, చిత్రిక పట్టగానే లోపల్నించి తేనెరంగు, ఆ నూనె వాసన. కాసేపు పని ఆపి వాసన చూస్తూ కూచున్నాను.

తొలి బులబాటంలో ఏటికొప్పాక వెళ్ళి లక్క కడ్డీలు కూడా తెచ్చాను, పీట కాళ్ళకి రంగు వేద్దామని. తరిమెన, అంటే కర్రని తిప్పే యంత్రం, దాని మీద గిరగిరా తిరిగే అంకుడు కర్రకి లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో ఒక్క పట్టు పడితే అద్దం. వాళ్ళ చేతుల్లో అరనిమిషం పని. ఆ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర, వచ్చింది, ఊళ్ళోని సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు, ఇవ్వాల్సిందే. నేను డ్రిల్లు మిషనుకి కర్ర బిగించి అదే పని చేస్తే లక్క మాడి తారులా అంటుకుంది. కాళ్ళకి రంగు మానేశాను.

ఇక బొటనవేలు. కత్తికి ముందే నూరి పదును పెట్టేసి, ఆ తర్వాత దాని తోకని పీట బెజ్జంలోకి కొట్టడం మొదలుపెట్టాను. తెలివైనవాడెవడూ చెయ్యని పని. సుత్తి జారింది. మూడు కుట్లు.

అమ్మ గుమ్మడికాయ పెట్టింది. ఒక్క తోపుకి రెండు చెక్కలు. ఏమీ అనలేదు. ఇంకో చెక్క తరిగింది, కొబ్బరి కోరింది. అప్పుడు లేచి, "పీట ఊగుతోందిరా" అంది. ఒక కాలు కాస్త తీశాను. "ఇప్పుడు అటు ఊగుతోంది." ఇంకో కాలు తీశాను. ప్రస్తుతం పీట అంగుళం పొట్టిదైంది, అట్టముక్క మీద నిలబడింది. కానీ బజారుదాన్ని పనమ్మాయికి ఇచ్చేసింది, అది గమనించు.

ఇప్పుడు నీ పని. మీ తాతగారి పశువుల పాకలో ఎడ్లబండి చక్రం ఒకటి గోడకి ఆనించి ఉండాలి. నాకు గుర్తే, మన చిన్నప్పుడు దానికి మీ ఊరి కమ్మరి పట్టా ఎక్కించాడు. పిడకల మంటలో ఎర్రగా కాగిన ఇనప పట్టాని నలుగురు పటకార్లతో తెచ్చి చక్రానికి తొడిగితే కర్ర భగ్గుమంది, మనిద్దరం చెంబులతో నీళ్ళు పోశాం. పట్టా బిగుసుకుంటూ చక్రం నడుమ నుంచి అంచుకి పోయే ఆకులన్నీ కిర్రుమన్నాయి. మొన్న లెక్క కట్టాను: నాలుగడుగుల చక్రానికి పట్టా పొడవు పన్నెండున్నర అడుగులు, 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 18 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగిందంతా చల్లారేటప్పుడు వెనక్కి లాక్కుంటుంది. మేకు లేదు, బోల్టు లేదు.

అది తుమ్మ కర్ర. అంత గట్టిది, అంత ఆరింది ఇవాళ సామిల్లులో ఎన్ని వేలు పోసినా దొరకదు. ఆకులు ఉలులకి పిడులవుతాయి, చక్రం అంచు ముక్కలు పూటీలతో సుత్తి కొయ్యలు చేస్తాను, పిడులు చీలకుండా బిగించే పొన్నులు నేనే వేసుకుంటాను. మీ బాబాయి దాన్ని ఏ రిసార్టు వాళ్ళకో గోడకి తగిలించుకోమని అమ్మెయ్యకముందే, సంక్రాంతికి ఊరు వెళ్ళగానే చూడు. చెదలు పడితే పడిన చోటు వదిలేసి మిగతాది ఉంచు. పట్టా మాత్రం నువ్వు విప్పకు, కనుమ నాడు నేనే వచ్చి విప్పుతాను. మంటకి పిడకలు దాచిపెట్టు.

నీ
బక్కోడు