ఇంట్లో ఇంకెవరికైనా డిప్రెషన్ ఉందా అని ఆస్పత్రిలో అడగాలి

సంపాదకుల వారికి నమస్కారం.

జిల్లా పేజీల్లో వచ్చే ఆత్మహత్య వార్తల్లో కారణం ఒక్క ముక్కలో తేలిపోతుంది. అప్పుల బాధ, కుటుంబ కలహాలు, లేదంటే కడుపునొప్పి. అదే ఊళ్లో నలుగురు కూర్చున్న చోట నడిచే మాట వేరు. "వాళ్లింట్ల గిది కొత్త కాదు, వాళ్ల నాయినకు గూడ గిట్లనే మనాది ఉండె" అంటారు. వాళ్లు మనాది అనేదే డిప్రెషన్. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ అది డాక్టరు చెవిన మాత్రం పడదు, పెళ్లి సంబంధాలు చెడగొట్టడానికే పనికొస్తోంది. నర్సంపేట చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్ఎంగా చేసి రిటైరైనదాన్ని. ఈ సంగతి పది మందికీ తెలియాలని రాస్తున్నాను.

డిప్రెషన్ కుటుంబాల్లో వస్తుందా అంటే, వచ్చే అవకాశం ఉంది. అమ్మకో నాన్నకో తోబుట్టువుకో ఈ జబ్బు ఉంటే, అలా లేనివాళ్ల కంటే వచ్చే అవకాశం సుమారు రెండు నుంచి మూడు రెట్లు ఎక్కువ. కవలల మీద జరిగిన అధ్యయనాలను కలిపి 2000లో లెక్కగడితే, ఇందులో జన్యువుల వాటా 37 శాతం దాకా ఉందని తేలింది. ఈ అంకె చూసి చాలామంది బెదిరిపోతారు. తల్లికి ఉంటే బిడ్డకు 37 శాతం ఖాయమని దీని అర్థం కాదు. ఈ జబ్బు కొందరికి వచ్చి కొందరికి రాకపోవడానికి ఉన్న కారణాలన్నిటిలో పుట్టుకతో వచ్చేది అంత వాటా అని మాత్రమే. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో కూడా ఒకరికి వచ్చి రెండోవారికి రాకపోవడం మామూలే. దీనికి ఒక్క జన్యువు అంటూ లేదు, వందల జన్యువులు తలా కొంచెం చేయి వేస్తాయి. కాబట్టి రక్తపరీక్ష చేసి ఫలానా పిల్లకు వస్తుందని చెప్పడం ఇప్పటికీ ఎవరివల్లా కాదు. అలా చెబుతామని ఎవరైనా డబ్బులు అడిగితే నమ్మకండి.

ఇంకో సంగతి. తాత నుంచి మనవడి దాకా వచ్చేవి జన్యువులు ఒక్కటే కావు. అప్పు వస్తుంది, తాగుడు వస్తుంది, ఇంట్లో కొట్టుకోవడం, తిట్టుకోవడం వస్తుంది. చిన్నప్పుడు వాటి మధ్య పెరిగిన పిల్లలకు పెద్దయ్యాక డిప్రెషన్ ముప్పు పెరుగుతుంది. ఏది పుట్టుకతో వచ్చిందో, ఏది పెంపకంలో వచ్చిందో ఒక ఇంట్లో విడదీసి చెప్పడం కష్టం. ఈ రెండింటికీ చికిత్స మాత్రం ఉంది.

ఉద్యోగంలో ఉండగా రెండో కాన్పయిన ఒక అమ్మాయిని చూడటానికి వాళ్లింటికి వెళ్లాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మంచం కింద పొద్దున ఇచ్చిన చాయ్ మీగడ కట్టి అట్లాగే ఉంది. పక్కన పసిది ఏడుస్తుంటే కనీసం ఇటు తిరగలేదు. అత్తగారేమో "తినుడు, పండుడు తప్ప పనే లేదు" అని గొణుగుతోంది. నేను బయటికొచ్చి బోరింగ్ దగ్గర చేతులు కడుక్కుంటుంటే అమ్మాయి తల్లి వెనకాలే వచ్చింది. "సిస్టరమ్మా, నాకు గూడ రెండో కాన్పుకు గిట్లనే అయింది. మా అక్కనైతే యాడాది దాక ఒక్కదాన్ని ఇడువలే. గీ ముచ్చట మా వియ్యపురాలికి చెప్పకు, నా బిడ్డ సంసారం ఆగమైతది" అని చెయ్యి పట్టుకుంది. వియ్యపురాలికి చెప్పలేదు. మా మెడికల్ ఆఫీసరు గారికి చెప్పాను. ఆయన చీటీ రాసి వరంగల్‌లో మానసిక వైద్యుల దగ్గరికి పంపారు. అమ్మాయి మందులు వాడింది, కొన్ని నెలలకు మళ్లీ మనిషైంది. ఆ తల్లి నోరు విప్పకపోతే ఆ ఇంట్లో దీన్ని బద్ధకం అనే అనుకునేవాళ్లు.

కుటుంబం సంగతి తెలిస్తే వైద్యంలో నిజంగా తేడా పడుతుంది. దగ్గరి రక్తసంబంధీకులకు బైపోలార్ జబ్బు ఉందనుకుందాం. అంటే కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు నిద్ర కూడా అక్కర్లేనంత హుషారు, ఎడాపెడా ఖర్చు. అలాంటి ఇంటి మనిషికి డిప్రెషన్ మాత్రలు ఒక్కటే ఇస్తే మనిషి ఆ అతి హుషారు వైపు మళ్లే ప్రమాదం ఉంటుంది కనుక డాక్టర్లు ఆచితూచి ఇస్తారు. అక్కకు ఏ మందు పడిందో తెలిస్తే చెల్లెలికి మందు ఎంచుకునేటప్పుడు అది కూడా ఆలోచిస్తారు. అమ్మకు కాన్పు తర్వాత ఈ బాధ వచ్చిందంటే కూతురి కాన్పప్పుడు మొదటి నుంచే కనిపెట్టుకుని ఉండొచ్చు.

మరి అడుగుతున్నామా? ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే కేంద్ర ఆరోగ్య శాఖ ఫారంలో మీ అమ్మానాన్నలకు, తోబుట్టువులకు బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అని ఒక ప్రశ్న ఉంది. అదే ఫారంలో గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా, దిగులుగా ఉంటోందా అని మరో రెండు ప్రశ్నలు ఉన్నాయి. మంచిదే. కానీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అనే ప్రశ్న లేదు. పైగా ఆ ఫారం 30 ఏళ్లు దాటినవాళ్లకే. ఈ జబ్బు చాలామందిలో అంతకు ముందే, కాలేజీ వయసులోనో కాన్పుల వయసులోనో మొదలవుతుంది. ఒక్క ప్రశ్న చేర్చడానికి, వయసు తగ్గించడానికి పెద్ద ఖర్చేమీ లేదు. అయితే అడిగేది పదిమంది ముందు వాకిట్లో కాదు, ఆ మనిషి ఒక్కరే ఉన్నప్పుడు అడగాలి. చెప్పిన మాట గడప దాటదనే నమ్మకం లేకపోతే ఎవరూ చెప్పరు.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో డిప్రెషన్ ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. మన పల్లెల్లో ముందు గాలి సోకిందంటారు, తర్వాత ఎవరో చేయించారంటారు. తాయెత్తు కట్టించుకున్నా, దర్గాకు పోయి మొక్కుకున్నా నేనెవరినీ కాదనను. మందులు మాత్రం ఆపొద్దని కాళ్లావేళ్లా పడతాను. ఎందుకంటే ఆ మందులతో బాగుపడేది ఒక్కరే కాదు. అమెరికాలో 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో, చికిత్సతో తల్లి డిప్రెషన్ నుంచి బయటపడ్డ ఇళ్లలో మూడు నెలలకే పిల్లల మానసిక సమస్యలు కూడా తగ్గాయి.

సంబంధాలు చూసేటప్పుడు "వాళ్ల వంశంలనే పిచ్చి ఉందట" అని పుల్ల పెట్టేవాళ్లకు ఒక మాట చెప్పాలి. వెతికితే ఇది లేని ఇల్లు దొరకడం కష్టం. బయటపడకుండా దాచిన ఇళ్లే ఎక్కువ. ఆ భయంతోనే చదువుకున్న పిల్లలు కూడా మందుల చీటీలు చింపి పారేస్తున్నారు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది రైతు చనిపోయిన ఇల్లు. పత్తి, మిర్చి రైతును కుంగదీసేవి పంట నష్టం, నకిలీ విత్తనాలు, వడ్డీలు. జన్యువుల పేరు చెప్పి వాటి బాధ్యత నుంచి ఎవరూ తప్పించుకోవడానికి వీల్లేదు. తహసీల్దారు, ఎస్ఐ, వ్యవసాయాధికారి వస్తారు. పాస్‌బుక్, అప్పు కాగితాలు చూస్తారు, పరిహారానికి ఫైలు కదులుతుంది. ఆ ఇంట్లో పదో తరగతి చదివే కొడుకు బడికి పోతున్నాడా, రాత్రి నిద్రపోతున్నాడా అని అడిగేవాళ్లు లేరు. తండ్రి వైపు నుంచి వచ్చే ముప్పు, తండ్రి పోయిన దెబ్బ, రెండూ ఆ పిల్లవాడి మీదే పడ్డాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవారికి చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. చనిపోయినవారి పిల్లల సంగతి కూడా అంతే గట్టిగా పట్టించుకోవాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సిబ్బంది పరిహారం ఫైలుతో పాటే ఆ గడప తొక్కాలి, కనీసం ఏడాది పాటు నెలకోసారి వెళ్లి పలకరించాలి. ఉమ్మడి వరంగల్ జిల్లాల కలెక్టర్లు, వైద్యాధికారులు ఈ ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మీకూ ఒక విన్నపం. ఇలాంటి వార్త వేసిన ప్రతిసారీ దాని కిందే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 వేయండి. 2022 అక్టోబరు నుంచి ఉన్న ఈ సేవకు డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బాధపడుతున్న మనిషే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లు కూడా ఫోన్ చేసి అడగొచ్చు.

ఇట్లు,
రిటైర్డ్ ఏఎన్ఎం,
నర్సంపేట, వరంగల్ జిల్లా